తీగలతో గీసిన రూపం

న్యూజిలాండ్ దేశపు దక్షిణ ద్వీపంలో క్రైస్ట్‌చర్చ్ అనే నగరం ఉంది. 1991లో ఆ నగరంలోని ఒక చిన్న పనిశాలలో, ఇంజను, చక్రాలు తప్ప ఒంటిమీద మరే తొడుగూ లేని ఒక మోటార్‌సైకిల్ ఎదుట నలభై ఏళ్ల మనిషి ఒకడు పని చేస్తూ ఉండేవాడు. ఒక చేతిలో సన్నని లోహపు తీగలు, మరొక చేతిలో వేడి జిగురును చుక్కలుగా కార్చే పనిముట్టు. తీగను వేళ్లతో వంచి, వాహనం ముక్కు నుండి ఆసనం దాకా గాలిలో గీత గీసినట్లు నిలిపి, కొసలను జిగురుతో అంటించేవాడు. వంపు కంటికి నచ్చకపోతే ఊడబెరికి మళ్లీ వంచేవాడు. చిత్రకారుడు కాగితం మీద గీతను చెరిపి తిరిగి గీయడం వంటిదే ఇదీను. కాకపోతే ఈ చిత్రానికి ముందూ వెనుకా ఉన్నాయి. చుట్టూ తిరిగి చూడవచ్చు. అలా అంటించిన తీగలన్నీ కలిసి పక్షి గూడు వంటి ఒక పంజరం ఏర్పడింది. పందెపు మోటార్‌సైకిళ్లలో అత్యంత విలక్షణమైనదిగా తరువాత పేరు పొందిన వాహనానికి ఆ పంజరమే ఆకృతినిచ్చింది.

ఆ మనిషి పేరు జాన్ బ్రిటెన్. ఆ వాహనం పేరు బ్రిటెన్ వి1000.

బ్రిటెన్ 1950 ఆగస్టు 1న క్రైస్ట్‌చర్చ్‌లోనే జన్మించాడు. బాల్యం నుండి ఆయనను ఒక చిక్కు వెంటాడింది. అక్షరాలు కుదురుగా లొంగేవి కావు; చదవడం, రాయడం కష్టంగా ఉండేది. దీనిని డిస్లెక్సియా అంటారు. బుద్ధిమాంద్యానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అయినా చదువుల వ్యవస్థ యావత్తూ అక్షరం మీద నిలబడినది కాబట్టి, అక్షరం లొంగని పిల్లవాణ్ణి మందమతుల జాబితాలో చేర్చడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. బ్రిటెన్ అక్కడితో ఆగిపోలేదు. ఇంజనీరింగులో ధ్రువపత్రం సంపాదించాడు. ఇంగ్లండులో కొంతకాలం ఉద్యోగం చేశాడు. స్వదేశానికి తిరిగి వచ్చి, గాజును కరిగించే కొలుములు కట్టి, చేతి పనితనంతో గాజు దీపాలు తయారు చేసి అమ్మాడు. ఆపైన కుటుంబంవారి స్థిరాస్తి వ్యాపారంలో చేరాడు. పాత గుర్రపుశాలనొకదానిని శ్రమపడి నివాసగృహంగా మార్చుకున్నాడు. పైపైన చూసినవారికి ఇది నిలకడలేని జీవితంలా తోచవచ్చు. అయితే గాజు పట్టినా, ఇటుక పట్టినా ఆయన చేసిన పని ఒకటే: పదార్థాన్ని చేతిలోకి తీసుకొని, అది ఏమి చేయనిస్తుందో, ఏమి చేయనివ్వదో కనిపెట్టడం. 1980లలో మోటార్‌సైకిల్ పందేల మీది మోజు ఆ చేతులను వాహన నిర్మాణం వైపు మళ్లించింది.

న్యూజిలాండ్ ప్రజల నోట ‘ఎనిమిదో నంబరు తీగ’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. పొలాలకు, గొర్రెల దొడ్లకు కంచె వేసే సుమారు 4 మిల్లీమీటర్ల మందపు తీగ అది. ప్రపంచపు మార్కెట్లకు ఎంతో దూరాన సముద్రం మధ్య ఉన్న దేశం కావడంచేత, యంత్రంలో ఒక భాగం విరిగితే కొత్తది ఓడలో వచ్చేదాకా రైతు చేతులు ముడుచుకొని కూర్చోలేకపోయేవాడు. చేతికందిన కంచె తీగతోనే ఏదో ఒక ఉపాయం పన్నేవాడు. క్రమంగా ఆ తీగ పేరు, ఉన్నదానితో పని జరుపుకొనే నేర్పుకు పేరుగా మారింది. బ్రిటెన్ వంచిన తీగలు ఆ కంచె తీగలు కావు, వాటికంటే సన్ననివి. నేర్పు మాత్రం ఆ వంశానిదే.

పందెపు వాహనానికి పైతొడుగు అలంకారం కాదు. వేగం రెట్టింపైతే గాలి ఎదురుతోపు నాలుగింతలవుతుంది. దానిని నెట్టుకొని పోవడానికి ఇంజను వెచ్చించవలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో చొక్కాను రెపరెపలాడించే గాలే, 300 కిలోమీటర్ల వేగంలో ఎదురుగా నిలిచిన గోడతో సమానం. ఆ గోడను చీల్చే ముక్కు తొడుగు, రౌతు మోకాళ్లు ఆనే ట్యాంకు, ఆసనం వెనుకనున్న తోక, వీటి వంపులన్నీ గాలితో మాట్లాడి నిర్ణయించుకోవలసినవే. కర్మాగారాలు ఇటువంటి భాగాలను ఉక్కు అచ్చులలో రేకును అదిమి గాని, కరిగించిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో ఎక్కించి గాని తీస్తాయి. ఆ అచ్చులు చేయించడానికే లక్షలు కావాలి. వేలకొద్దీ ప్రతులు తీసేవారికి ఆ ఖర్చు గిట్టుతుంది. ఒకే ఒక్క ప్రతి కావలసినవాడికి దారి ఏది? రేకును సుత్తితో సాగగొట్టి వంపు తేవడం ఒక దారి. అది ఏళ్ల తరబడి సాధన చేస్తే గాని పట్టుబడని విద్య. రెండోది, నారను జిగురుతో తడిపి, అచ్చులో పరచి, గట్టిపరచడం. ప్రపంచంలో ఎక్కడైనా ఇంటి వెనుక షెడ్డులో తన మోటార్‌సైకిల్‌కు తానే తొడుగు చేసుకొనేవారు ఎక్కువగా పట్టే దారి ఇదే.

ఇలా చేసిన దానిని కాంపోజిట్ అంటారు. తెలుగులో మిశ్రమ పదార్థం అనవచ్చు. పేరు కొత్తదే గాని ఊహ పాతది. మట్టి అదుమును ఓర్చుకుంటుంది, లాగితే బీటలు వారుతుంది. వరిగడ్డి లాగుడుకు ఆగుతుంది, తనంత తాను నిలబడలేదు. రెండింటినీ కలిపి తొక్కి గోడ పెట్టిన మన పల్లెటూరి పెద్దలకు ఈ శాస్త్రం తెలియదని ఎవరనగలరు? కొండపల్లిలో బొమ్మలు చేసేవారు తేలికైన పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అవయవాలు అతికి, వంపులు తీరుస్తారు. అక్కడ పొట్టు చేసే పనిని ఇక్కడ నార చేస్తుంది. చింతగింజ చేసే పనిని రెజిన్ అనే రసాయనపు జిగురు చేస్తుంది.

నారలో ప్రధానంగా రెండు రకాలు. గాజును సన్నని దారాలుగా తీసినది ఒకటి, ఇది చవక. గాలి తగలకుండా అత్యధిక ఉష్ణోగ్రతలో మాడ్చి, కర్బనం మాత్రమే మిగిలేటట్లు చేసిన నల్లని కార్బన్ నార రెండవది, ఇది ఖరీదైనది. ఒక్కొక్క కార్బన్ పోగు మందం మిల్లీమీటరులో నూరో వంతు కంటే తక్కువ. అటువంటి పోగులు వేలాదిగా కలిపి, పడుగూ పేకగా నేసి, వస్త్రంగా అమ్ముతారు. మంగళగిరి మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి ఆ గుడ్డను చూపిస్తే వేరే పరిచయం అక్కరలేదు. ఉక్కు నీటికంటే 7.8 రెట్లు బరువు, అల్యూమినియం 2.7 రెట్లు, కార్బన్ మిశ్రమం సుమారు 1.6 రెట్లు మాత్రమే. అయితే దాని బలమంతా పోగు నడిచిన దిక్కులోనే ఉంటుంది. అందుకే ఒక పొరను నిలువుగా పరిస్తే, మరొక పొరను ఏటవాలుగా పరుస్తారు. ఏ భాగాన్ని బరువు ఏ వైపు నుండి లాగుతుందో ముందుగా ఊహించలేనివాడి చేతిలో ఎంత ఖరీదైన గుడ్డయినా వృథాయే.

ఇక పని జరిగే తీరు. తీగల పంజరం ఊహకు గీత మాత్రమే. దానికి చర్మం లేదు. ఇంట్లో పని చేసేవారు సాధారణంగా ఖాళీలను నురుగు దిమ్మెలతో గాని ప్లాస్టర్‌తో గాని నింపి, పైన పుట్టీ పూసి, గరుకు కాగితంతో రుద్ది మూలరూపం తీస్తారు. కాలమంతా మింగేది ఈ ఘట్టమే. రుద్దడం, నిమరడం, పూయడం, మళ్లీ రుద్దడం. వెలుగు పడే తీరును బట్టి కన్ను మోసపోతుంది. కంటికి ఆనని గుంటను అరచేయి పట్టుకుంటుంది. కళ్లు మూసుకొని చేత్తో నిమిరి చూసే అలవాటు ఈ పనివాళ్లలో కనిపిస్తుంది. కొత్తవారికి అది వింతగా తోస్తుంది గాని, ఆ నిమురులోనే పనితనమంతా ఉంది. మూలరూపం మీద మిగిలిన గీత అచ్చులోకి దిగుతుంది; అచ్చులోని గీత ప్రతి ప్రతిలోనూ తేలుతుంది. ఇక్కడ సోమరితనం చూపినవాడు తరువాత జీవితాంతం దానినే చూసుకోవలసి వస్తుంది.

మూలరూపం అద్దంలా మెరిసిన తరువాత దానికి మైనం పట్టించాలి. పలుచగా పూయడం, ఆరనివ్వడం, మెత్తని గుడ్డతో తుడవడం, ఇలా ఐదారుసార్లు. దాని మీద రెజిన్, గాజు నార పొరలుగా వేస్తే అచ్చు తయారవుతుంది. రూపాయి బిళ్లంత చోట మైనం తప్పిపోయినా అచ్చూ మూలరూపమూ ఒకదానినొకటి విడవకుండా పట్టుకుంటాయి. వారాల తరబడి చేసిన పనిని సుత్తితో పగలగొట్టుకొన్న అనుభవం ఈ విద్యలో చాలామందికి మొదటి గురువు.

అచ్చు రెండు ముక్కలుగా చేయాలా, మూడుగా చేయాలా అన్నది మరొక పరీక్ష. ఇడ్లీ పళ్లెంలో గుంట అడుగున ఇరుకు, పైన వెడల్పు. కాబట్టే ఇడ్లీ చెక్కుచెదరకుండా పైకి వస్తుంది. అదే పిండిని మూతి సన్నని చెంబులో పోసి ఉడికిస్తే చెంబును పగలగొట్టాలి, లేదా ఇడ్లీని పొడి చేయాలి. మోటార్‌సైకిల్ ట్యాంకు, తోక వంటివి చెంబు జాతికి చెందినవి. అందుచేత అచ్చును ఎక్కడ విడదీస్తే లోపలి వస్తువు అడ్డం పడకుండా జారి వస్తుందో ముందే చూసుకొని, అంచులు పెట్టి, బోల్టులతో బిగించే విధంగా ముక్కలు చేస్తారు.

ఆ పైన రెజిన్ కలిపే గడియ వస్తుంది. పాలియెస్టర్ రెజిన్‌లో గట్టిపరచే రసాయనం నూటికి ఒకటి రెండు పాళ్లు కలుపుతారు. ఎక్కువైతే గిన్నెలోనే కాగి పొగలు చిమ్ముతూ రాయవుతుంది. మరీ తక్కువైతే జిగటగానే మిగిలిపోతుంది. ఎపాక్సీ రెజిన్ స్వభావం వేరు. దాని పాళ్లు తయారుదారు చెప్పినట్లే తూచి కలపాలి. త్వరగా గట్టిపడాలని రెండో పాలు పెంచితే పని చెడుతుంది తప్ప త్వరపడదు. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఈ పనికి కూర్చున్నవాడికి, చల్లని క్రైస్ట్‌చర్చ్‌లో దొరికేటంత వ్యవధి దొరకదు. ఎండ తన వంతు తొందర తాను పెడుతుంది.

గుడ్డను అచ్చులో పరచి, కుంచెతో తడిపి, బుడగలు లేకుండా అదమాలి. తొలిసారి చేసేవారందరూ చేసే తప్పు ఒకటే: రెజిన్ ధారాళంగా పోయడం. ఎంత పోస్తే అంత గట్టి అని వారి నమ్మకం. నిజానికి బలం నారది. ఆ నారలను కదలకుండా పట్టి ఉంచడం, బరువును ఒకదాని నుండి మరొకదానికి అందించడం జిగురు పని. జిగురు మితిమీరితే వస్తువు బరువెక్కుతుంది, పెళుసవుతుంది. అందుకే తడిపిన గుడ్డ మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, అంచులు మూసి, లోపలి గాలిని పంపుతో లాగేస్తారు. అప్పుడు మన తలల మీద ఎప్పుడూ ఉండే వాతావరణమే చదరపు మీటరుకు దాదాపు 10 టన్నుల చొప్పున ఆ పొరలను అదుముతుంది. పంపు కొనే స్తోమత లేనివారు పాత ఫ్రిజ్ కంప్రెసర్‌ను తగిలించి ఆ పని కానిస్తారు. రెజిన్ ఆవిరులు, రుద్దినప్పుడు లేచే గాజు ధూళి ఊపిరితిత్తులకు చేటు. ముసుగు, చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయడం ధైర్యం అనిపించుకోదు.

తొడుగుల వరకే అయితే బ్రిటెన్ పేరు ఇంత చెప్పుకోవలసిన పని లేదు. ఆయన చర్మంతో ఆగక ఎముకలను కూడా ఈ గుడ్డతోనే చేయడానికి పూనుకున్నాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే చేతులు, వెనుక చక్రాన్ని మోసే బాహువు, చివరకు చక్రాలు సైతం కార్బన్ మిశ్రమంతో తయారయ్యాయి. సాధారణంగా మోటార్‌సైకిల్‌కు వెన్నెముక వంటి ఇనుప చట్రం ఉంటుంది. వి1000కు అది లేదు. ఇంజనే వెన్నెముక, మిగిలినవన్నీ దానికే తగిలించినవి. ఎప్పుడూ ఎదురుగా ఉండే రేడియేటర్‌ను ఆసనం కిందికి మార్చడంతో ముందుభాగం నాజూకైంది. ఇంజను కూడా ఆయన సొంత రూపకల్పనే. 999 సి.సి., 166 అశ్వశక్తి. వాహనం మొత్తం బరువు 138 కిలోలు. దాని మీద వేసిన ముదురు గులాబీ, నీలం రంగులను చూసి అప్పట్లో ముఖం చిట్లించినవారు లేకపోలేదు. ఇప్పుడు ఆ రంగులు లేకుండా దానిని ఊహించడమే కష్టం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మెత్తని ఉక్కు విరిగే ముందు సాధారణంగా వంగుతుంది; వంగి హెచ్చరిస్తుంది. కార్బన్ మిశ్రమం అలా వంగదు. తన హద్దు వరకు చలించకుండా నిలిచి, హద్దు దాటిన క్షణంలో ఒక్కసారిగా విరుగుతుంది. లోపల బుడగ ఉన్నా, పొర సరిగా అంటకపోయినా పైనుండి కనబడదు. గుడ్డా జిగురూ కలిపి చేసిన చక్రం మీద మరొక మనిషిని కూర్చోబెట్టి గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పంపడమంటే, కుంచె పట్టిన చేయి ప్రతి అంగుళానికీ జవాబుదారీ వహించడమే. ఇంట్లో చేసిన వస్తువు కదా అనే క్షమాపణ అక్కడ చెల్లదు.

1992 మార్చిలో అమెరికాలోని డేటోనా పందెపు మార్గం మీదికి ఆ వాహనం వచ్చింది. నడిపినవాడు ఆండ్రూ స్ట్రౌడ్ అనే న్యూజిలాండ్ యువకుడు. పెద్ద కర్మాగారాల వాహనాలను దాటుకొని, ముందు చక్రాన్ని గాలిలోకి లేపుతూ అతడు దూసుకుపోతుంటే చూపరులు నివ్వెరపోయారు. విజయం చేతికందే సమయంలో వాహనం మొరాయించింది. చెడిపోయినది చక్రం కాదు, బాహువు కాదు, ఇంజనూ కాదు. బ్యాటరీకి విద్యుత్తునందించే వ్యవస్థలోని ఒక చిన్న భాగం. తొలి చూపులో అనుమానం కలిగించే గుడ్డ చక్రాలు నిక్షేపంగా నిలిచాయి. ఎవరి దృష్టీ పడని ఒక చిన్న ముక్క పందేన్ని పోగొట్టింది. ఆ ఓటమిని చెప్పుకొన్నంతగా చాలా గెలుపులను కూడా లోకం చెప్పుకోలేదు.

గెలుపు 1994లో వచ్చింది. అదే డేటోనాలో, అదే స్ట్రౌడ్ చేతుల మీదుగా. ఆ ఏడాదే జూన్ 2న ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో అభ్యాసపు పరుగులో బ్రిటెన్ వాహనం నడుపుతూ మార్క్ ఫార్మర్ అనే రౌతు ప్రాణం కోల్పోయాడు. ఊరి రోడ్ల మీద, రాతిగోడల నడుమ సాగే ఆ పందెం అంతకు ముందూ తరువాతా ఎందరినో బలిగొన్నది. అయినా తాను చేసిన వాహనం మీద ఒక మనిషి ఇంటికి తిరిగి రాలేదన్న సంగతిని తయారు చేసినవాడు లెక్కలతో సరిపెట్టుకోలేడు.

1995లో బ్రిటెన్ వాహనాలు తమ తరగతి ప్రపంచ పోటీలలో విజేతగా నిలిచాయి. ఆ సంవత్సరమే ఆయనకు క్యాన్సర్ అని తేలింది. సెప్టెంబరు 5న, 45 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. భార్య, ముగ్గురు పిల్లలు, పనిశాలలో ఆయన వెంట పనిచేసిన మిత్రబృందం మిగిలారు. ఆ వాహనాలు మొత్తం పది మాత్రమే తయారయ్యాయి. 1998లో న్యూయార్క్ నగరంలోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం మోటార్‌సైకిళ్లను కళాఖండాలుగా ప్రదర్శించినప్పుడు వాటిలో ఒకటి అక్కడ నిలిచింది. వెల్లింగ్టన్‌లోని తే పాపా జాతీయ మ్యూజియం సేకరణలోనూ ఒకటి ఉంది.

అచ్చులో తీసిన ఏ తొడుగుకైనా రెండు ముఖాలుంటాయి. అచ్చును ఆనుకొన్న బయటి ముఖం అద్దంలా నునుపు. లోపలి ముఖం అలా ఉండదు. అక్కడ నేత గరుకుగా తేలి ఉంటుంది. మడత పడిన చోట గుడ్డ అంచు, కుంచె లాగిన వైపు, రెజిన్ కొద్దిగా పేరుకొన్న మూల, అన్నీ అలాగే గట్టిపడి మిగులుతాయి. ఇంటి షెడ్డులో తొలి తొడుగును అచ్చు నుండి విడదీసినవాడు చెక్క మేకును అంచులో దూర్చి మెల్లగా తడతాడు. ఫట్‌మన్న చిన్న చప్పుడుతో అది వదులవుతుంది. దానిని వెలుతురులోకి తెచ్చి, నున్నని ముఖాన్ని ఇతరులకు చూపుతాడు. తరువాత ఒంటరిగా ఉన్నప్పుడు తిరగవేసి, లోపలి వైపు వేలితో నిమురుతూ, ఎక్కడెక్కడ తన చేయి తడబడిందో చూసుకుంటాడు.